జింబా సార్ చెయ్యెత్తిన తర్వాత

గురువారం పొద్దున లుసాంగా బడి ఏడో తరగతిలో జింబా సార్ మలియా అనే పిల్లను చెంప మీద కొట్టాడు. పడిపోతూ పిల్ల బెంచీ అంచుకు గుద్దుకుంది. ఎడమ చెవిలోంచి రక్తం వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక పిల్ల మీద చెయ్యెత్తడం అదే మొదలు. కొట్టిన చేతిని కాసేపు అలా చూసుకుని, తరగతిని వదిలేసి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బయట ఎవరికీ కనిపించలేదు. కిటికీ ముందు నుంచి వెళుతూ ఆ దెబ్బను కళ్ళారా చూసింది పెద్దవాళ్ళలో ఒక్కరే, రెండో తరగతి టీచరు ఎట్నెస్ లోంగ్వే. శనివారం ఊరి పెద్ద వాకిట్లో పంచాయితీ. జింబా సార్ ఉద్యోగం నిలుస్తుందో ఊడుతుందో ఆమె నోట వచ్చే మాట మీద ఆధారపడి ఉంది.

ఆ రోజు పొద్దెక్కే వేళకు ఎట్నెస్ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి గిన్నెలు తోముతోంది. సరస్సు ఆ పూట చడీచప్పుడూ లేకుండా ఉంది. ఒడ్డున బల్లల మీద ఆరబోసిన ఉసీపా చేపల వాసన గాలిలో నిండిపోయింది. హెడ్ మాస్టరు కమాంగా ఇసుకలో బూట్లు దిగబడుతుంటే తిట్టుకుంటూ వచ్చి ఒక దోనె పక్కన ఆగాడు. సెలవు రోజైనా టై కట్టుకునే ఉన్నాడు.

"న్యాలోంగ్వే, మీరు నీళ్ళలో లేని రోజంటూ ఉందా అసలు?" అన్నాడు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళను మర్యాదగా పిలవాలంటే పుట్టింటి పేరు ముందు న్యా చేర్చడమే.

"బడిలో ఉన్నప్పుడు ఉండను, సార్."

"అదే మీ అదృష్టం. గంట కొట్టగానే ఆడపిల్లలకంటే ముందు మీరే గేటు దాటతారు. మాకు ఆ విద్య రాలేదు."

ఎట్నెస్ ఇంకో గిన్నె అందుకుంది. ఈ దెప్పు ఆమెకు కొత్త కాదు. బడిలో ఆమెను చాటుగా గంట టీచరు అంటారని ఆమెకు తెలుసు. ఆఖరి గంట మోగిందంటే ఆమె తరగతి గది మూసేసి వచ్చేస్తుంది. పిల్లల పుస్తకాలు ఇంటికి తెచ్చుకోదు. సాయంత్రాలు ఈదుతుంది, కర్రపెండలం చేను చూసుకుంటుంది, ఆదివారం గుడిలో పాడుతుంది. ఎవరి తల్లిదండ్రులైనా చదువు సంగతి మాట్లాడటానికి ఇంటికొస్తే, మంచినీళ్ళిచ్చి, రేపు బడికి రమ్మని పంపేస్తుంది. అదే జింబా సార్ అయితే అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి కూర్చుని లెక్క చెబుతాడు. ఊళ్ళో టీచరంటే ఎలా ఉండాలో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అందరూ ఆయననే చూపించేవారు. ఎలా ఉండకూడదో చెప్పాల్సి వస్తే, పేరు ఎత్తకుండా సరస్సు వైపు చూసేవారు.

కమాంగా గొంతు తగ్గించాడు. "ఇవాళ అక్కడ మీరు ఒక్క మాట చెబితే చాలు. పిల్ల కాలు జారి పడింది. అంతే."

"జారలేదు, సార్."

"జారిందా అని నేను అడగట్లేదు. జారిందని చెప్పమంటున్నాను."

ఎట్నెస్ గిన్నె బోర్లించి నీళ్ళు వంపింది. "నేను చూశాను. ఆయన కొట్టారు."

"చూశారు కాబట్టే కదా వచ్చి మిమ్మల్ని బతిమాలుతున్నది. జింబా ఎలాంటివాడో మీకు తెలీదా? ఈ బడిలోంచి నర్సులయినవాళ్ళు, పోలీసులయినవాళ్ళు, టీచర్లయినవాళ్ళు, అందరూ ఆయన చేతిలోంచి వెళ్ళినవాళ్ళే. ఒక్క దెబ్బకి అదంతా నీళ్ళలో కలిపేద్దామా?"

"నేను కలపట్లేదు."

"అయితే ఇంకోటి వినండి." కమాంగా దోనె అంచు మీద చెయ్యి ఆనించాడు. ముఖంలో కోపం లేదు. నిద్ర లేని ముఖం. "కొట్టాడని తేలితే సోమవారమే ఆయన్ని పనిలోంచి ఆపేస్తారు. పై ఆఫీసు వాళ్ళు ఇంకో మనిషిని పంపరు. పోయిన ఏడాది ఇద్దరు వెళ్ళిపోతే ఎవరినైనా పంపారా? అప్పుడు ఏడో తరగతి ఎవరికొస్తుంది? నాకు ఆరూ ఎనిమిదీ ఉన్నాయి. మిగతావాళ్ళు కుర్రకారు, ఆ లెక్కలు వాళ్ళకే రావు. మీకే వస్తుంది. పొద్దున మీ పసిపిల్లలు, మధ్యాహ్నం నుంచి ఆ పెద్ద తరగతి. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి, ఆదివారాలు కూడా పిలవాలి. ఇక ఈ నీళ్ళూ ఉండవు, ఈ పాటలూ ఉండవు. నేను బెదిరించట్లేదు న్యాలోంగ్వే. ఉన్నమాట చెబుతున్నాను."

అతను వెళ్ళిపోయాక ఎట్నెస్ చాలాసేపు నీళ్ళలోనే నిలబడింది. అతను బెదిరించలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఎందుకంటే ఆ దారి ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆమె కూడా జింబా సార్ లాంటి టీచరే. ఒక్కో గదిలో నూట ముప్పై మంది పిల్లలు, నేల మీద కూర్చునేవాళ్ళు, కిటికీల్లో వేలాడేవాళ్ళు. పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేది. నిలబడే అన్నం తినేది. మొదట నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. తర్వాత పిల్లల పేర్లు పోయాయి. ఒకరోజు బోర్డు మీద తనే రాసిన అక్షరాన్ని చూసి అదేమిటో గుర్తుకు రాక అలా నిలబడిపోయింది. పిల్లలు ముందు నవ్వారు. తర్వాత ఏడవడం మొదలుపెట్టారు. ఎవరో వెళ్ళి ఆమె తల్లిని పిలుచుకొచ్చారు.

తల్లి ఏమీ అడగలేదు. కొండ మీద తన పుట్టింటికి తీసుకెళ్ళి, రోకలి చేతికిచ్చి, కర్రపెండలం దంచమంది. ఎట్నెస్ ఆ వానకాలమంతా దంచింది. మళ్ళీ బడికి బయలుదేరే రోజున తల్లి ఆమె నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డ కొంగు సర్దుతూ ఒకే మాట చెప్పింది. "గంటకీ గంటకీ మధ్య వాళ్ళు నీ పిల్లలు. ఆ తర్వాత వాళ్ళకి వాళ్ళ అమ్మలున్నారు. నాకు నువ్వున్నావ్." ఎట్నెస్ ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళు నిలబడింది. తన రెండో తరగతి పిల్లలు చదవడం నేర్చుకునే పై తరగతికి వెళతారు. ఎన్ని దెప్పులు పడినా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

ఊరి పెద్ద వాకిట్లో చాపలు పరిచారు. మగవాళ్ళు కుర్చీల్లో, బల్లల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు చాపల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. జింబా సార్ రాలేదు. ఆయన భార్య రూతు వచ్చి, ఎవరి పక్కనా కూర్చోకుండా, వంటపాక నీడలో ఒంటరిగా కూర్చుంది. మలియా కూడా రాలేదు. ఆ పిల్లను పెంచుతున్న అమ్మమ్మ న్యామాండా మాత్రం అందరికంటే ముందే వచ్చి చాప మధ్యలో కూర్చుని ఉంది. పొట్టి మనిషి. మాట్లాడేటప్పుడు కళ్ళార్పదు.

ముందు కమాంగా లేచి మాట్లాడాడు. బడికీ ఊరికీ ఉన్న బంధం గురించి చెప్పాడు. జింబా సార్ సేవ గురించి చెప్పాడు. కిక్కిరిసిన గదుల్లో పిల్లలు తొక్కిసలాడుకుంటారనీ, కాళ్ళు జారతారనీ, ఒక్కోసారి దూరం నుంచి చూసేవాళ్ళకు ఒకటి ఇంకోటిగా కనిపిస్తుందనీ చెప్పాడు.

న్యామాండా చివరిదాకా విన్నది. "హెడ్ సార్, మీ మాటలు ఉతికి ఇస్త్రీ చేసినట్టున్నాయి. తొడుక్కుని గుడికి వెళ్ళొచ్చు. నా మనవరాలి చెవి మాత్రం ఇంకా కారుతూనే ఉంది."

కొందరు నవ్వబోయి ఆపుకున్నారు. ఊరి పెద్ద ఎట్నెస్ వైపు తిరిగాడు. "న్యాలోంగ్వే, నువ్వు ఆ టైముకి అక్కడున్నావంటున్నారు. ఏం చూశావో చెప్పమ్మా."

ఎట్నెస్ పెద్దల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కమాంగా తన బూట్ల మీది ఇసుక వైపు చూస్తున్నాడు. రూతు మాత్రం తల ఎత్తి సూటిగా ఆమెనే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. ఏముందో ఎట్నెస్‌కు అర్థం కాలేదు.

"జింబా సార్ కొట్టారు," అంది. "అరచేత్తో కొట్టారు. పిల్ల జారలేదు."

వాకిట్లో ఒక్కసారిగా గుసగుసలు లేచి అణిగాయి.

"మలియా ఏం చేసింది?" అడిగింది న్యామాండా. "రెండు రోజుల నుంచి దాన్నే అడుగుతున్నా. చెప్పదు. పొగరు మాటేమన్నా అందా?"

"లేదు అమ్మమ్మా. లెక్క అర్థం కాలేదంది. ఇంకోసారి చెప్పండి సార్ అంది."

"అంతేనా?"

"అంతే."

ముసలమ్మ నోరు కొద్దిగా తెరుచుకుంది. ఏదో పెద్ద తప్పు వింటానని సిద్ధపడి వచ్చిన మనిషి ఆమె. అంత చిన్న మాటకు ఎంత కోపం తెచ్చుకోవాలో ఆమెకు తెలియలేదు, ఊరుకోనూ లేకపోయింది. చాప మీద పడి ఉన్న పుల్లను విరిచి పక్కన పెట్టింది.

"ఇంకోసారి చెప్పమన్నందుకు," అంది మెల్లిగా.

"ఆయన ఆ ఉదయం అప్పటికే ఆ లెక్క మూడుసార్లు చెప్పారు, అమ్మమ్మా. ఏడో తరగతిలో వెళ్ళిపోయిన ఇద్దరి పిల్లల్నీ ఏడాదిగా ఆయనే చూస్తున్నారు. ఈ మధ్య పొరపాటున నా తరగతిలోకి వచ్చి ఏడో తరగతి పాఠం మొదలుపెట్టేవారు. పిల్లలు నవ్వితే అప్పుడు చుట్టూ చూసుకునేవారు. అన్నం డబ్బా తెరిచి పెట్టుకుని, గంట కొట్టాక మళ్ళీ మూసి ఇంటికి తీసుకెళ్ళేవారు. సెలవు కావాలని హెడ్ సార్‌ని అడిగారు. పరీక్షలయ్యాక చూద్దామన్నారు. తర్వాత మళ్ళీ అడిగారు. టీచరన్నవాడికి అలుపేమిటయ్యా, మనది దేవుడిచ్చిన పిలుపు కదా అన్నారు."

"నేనేం చెయ్యను?" కమాంగా లేచి నిలబడ్డాడు. "ఆయన్ని పంపితే ఆ పిల్లల్ని ఎవరి ముందు కూర్చోబెట్టను? చెట్టు ముందా? నాకెవరిస్తారు సెలవు?"

అతను టై సర్దుకుని మళ్ళీ కూర్చున్నాడు.

వెనక బల్ల మీది నుంచి ఒక జాలరి గొంతు వినిపించింది. "మాకూ అలుపొస్తుంది టీచరమ్మా. రాత్రంతా వల లాగి తెల్లారి ఇంటికొస్తాం. అలా అని పిల్లల చెవులు పగలగొడతామా?"

"పగలగొట్టకూడదు," అంది ఎట్నెస్. "ఆయన చేసింది తప్పే. కాదనట్లేదు. కానీ నువ్వు వల ఆరేశాక చేపలు నీ వెంట ఇంటికి రావు కదా తమ్ముడూ. నీ మంచం పక్కన నిలబడి మాకు అర్థం కాలేదు అనవు కదా. ఆయన వెంట పిల్లలు వస్తారు. వాళ్ళు లేకుండా ఆయన ఒక్క రాత్రి పడుకుని ఎంతకాలమైందో ఆయనకే తెలియదు."

జాలరి తల గోక్కున్నాడు.

"మీకు భలే తెలుసే, అక్కా," అంది రూతు.

ఆమె గొంతు పెద్దది కాదు. అయినా అందరూ వంటపాక వైపు తిరిగారు. రూతు లేచి వచ్చి చాప చివర నిలబడింది. మగవాళ్ళ ముందు మాట్లాడేటప్పుడు కూర్చోవాలని మరిచిపోయింది, లేదా గుర్తున్నా కూర్చోలేదు.

"ఆయనకి నిద్ర లేదని తెలుసు. అన్నం తినట్లేదని తెలుసు. తరగతి గది కూడా తప్పిపోతున్నాడని తెలుసు. అన్నీ చూశారు కదా. పోయిన సోమవారం సాయంత్రం ఆయన మీ దగ్గరికొచ్చాడు. అది తెలుసా మీకు?"

ఎట్నెస్ తల అడ్డంగా ఊపింది. "రాలేదు రూతూ. నేను చూడలేదు."

"మీరు చూడలేదు. మీరు నీళ్ళలో ఉన్నారు. ఆయన ఒడ్డున నిలబడ్డాడు. చీకటి పడేదాకా నిలబడి ఇంటికొచ్చాడు. పిలవలేదా అని అడిగాను. గంట కొట్టాక ఆమె బడి మాట ఎత్తనివ్వదు కదా, ఎందుకు పిలవడం, పాపం హాయిగా ఉంది అన్నాడు."

పక్కింట్లో ఎవరో దంచుతున్న రోకటి చప్పుడు వినిపిస్తోంది.

"ఎందుకొచ్చారు?" అడిగింది ఎట్నెస్.

"అడగడానికి. ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి కూడా మీరు ఎలా బాగున్నారో అడగడానికి. ఆయన కంటే మీకు బాగా తెలుసని ఆయన అనుకున్నాడు. ఊరంతా మిమ్మల్ని గంట టీచరని నవ్వుతుంటే ఆయన ఒక్కరోజు కూడా నవ్వలేదు. ఆమె దగ్గర ఏదో ఉంది రూతూ, నాకది రాలేదు అనేవాడు." రూతు కళ్ళు పొడిగా ఉన్నాయి. "మీరు అబద్ధం చెప్పలేదు. మంచిది. నిజమే చెప్పాల్సింది. కానీ ఇక్కడ ఇంతమంది ముందు చెప్పిన ఈ మాటలన్నీ ఆయనకి ఒక్కసారి చెప్పి ఉంటే?"

ఎట్నెస్‌కు జవాబు ఉంది. నేనూ ఒకసారి మునిగి తేలినదాన్ని, ఇంకొకరిని పట్టుకుంటే ఇద్దరం మునుగుతామని భయం అని చెప్పవచ్చు. అది నిజం కూడా. కానీ రూతు ముఖం చూశాక ఆ నిజం నోట్లోంచి బయటికి రాలేదు. ఆ సోమవారం తాను ఇంట్లో ఉన్నా, ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నా, మంచినీళ్ళిచ్చి రేపు బడిలో మాట్లాడుకుందాం సార్ అనే ఉండేది. ఆ సంగతి ఆమెకు స్పష్టంగా తెలుసు.

"చెప్పలేదు," అంది. "చెప్పాల్సింది."

ఊరి పెద్ద గొంతు సవరించుకున్నాడు. పక్కన కూర్చున్న ఇద్దరితో ఏదో మాట్లాడాడు. చివరికి, శిక్ష సంగతి పై ఆఫీసు వాళ్ళు చూసుకుంటారు, కానీ ఈ ఊరికి కావలసింది వేరే ఉందన్నాడు. జింబా సార్ ఈ వాకిట్లోకి వచ్చి, న్యామాండా ముందు కూర్చుని, ఏం చేశాడో తన నోటితో చెప్పాలి. అది జరిగేదాకా ఎవరూ లేవకూడదు. వెళ్ళి ఆయన్ని తీసుకురమ్మని ఎట్నెస్‌కు చెప్పాడు.

"నేనూ వెళతాను," అంది న్యామాండా లేస్తూ. మోకాలు పట్టేస్తే ఎట్నెస్ భుజం పట్టుకుని లేచింది. "వద్దనకండి. చెవి మాది. ఆ మనిషిని ఆయన మంచం మీదే చూడాలి నేను."

"మంచం మీదే ఉన్నాడు," అంది రూతు. "గురువారం నుంచి గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. మాట్లాడడు. కొట్టకండి చాలు."

"కొట్టడానికా వెళ్ళేది?" అంది ముసలమ్మ. "ఎందుకో నాకూ తెలీదమ్మా. నడు."

టీచర్ల ఇళ్ళు బడి వెనక వరసగా ఉంటాయి. ఎండ నెత్తి మీదికొచ్చింది. న్యామాండా మామిడి నీడ వచ్చినచోటల్లా ఆగి ఊపిరి తీసుకుంది. ఒకచోట ఆగినప్పుడు, "ఇంకోసారి చెప్పమంది," అని తనలో తాను అనుకుంది. "నేనూ దాని మీద విసుక్కుంటా ఆ మాటకి. ఒకటే ప్రశ్నలు. నిద్రలో కూడా అడుగుతుంది."

జింబా సార్ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఎట్నెస్ పిలిచింది. పలకలేదు. లోపలికి వెళ్ళి చూసింది. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. రూతు మూత పెట్టి వెళ్ళిన అన్నం గిన్నె అలాగే ఉంది. గోడకు కొట్టిన మేకు మీద ఎప్పుడూ వేలాడే ఆయన నల్లకోటు లేదు.

"ఎక్కడికెళ్ళాడు?" అడిగింది న్యామాండా గడపలో నిలబడి.

ఎట్నెస్ బయటికొచ్చి ఒడ్డు వైపు చూసింది. దోనెలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. నీళ్ళ దగ్గర ఎవరూ లేరు. అప్పుడు బడి వైపు నుంచి ఒక గొంతు వినిపించింది. తొందర లేని మగ గొంతు. ఆ గొంతు పక్క గదిలోంచి వింటూనే ఆమె సగం జీవితం గడిచింది.

ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆమె గడ్డి మీదుగా ఏడో తరగతి గది దగ్గరికి నడిచింది. ఆ గదికి కిటికీ తలుపులు ఎప్పుడో ఊడిపోయాయి. ఇద్దరూ గోడ పక్కన ఆగి లోపలికి చూశారు.

జింబా సార్ నల్లకోటు వేసుకుని బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. బెంచీలన్నీ వరసగా సర్ది ఉన్నాయి. బోర్డు మీద గురువారం నాటి లెక్క, పై నుంచి కింది దాకా, గుండ్రటి అక్షరాలతో మళ్ళీ రాసి ఉంది. ముందు బెంచీలో తలకు గుడ్డ కట్టుకున్న ఒక్క పిల్ల కూర్చుని ఉంది.

న్యామాండా ఎట్నెస్ చెయ్యి నలిపేసింది. "ఇది ఇంట్లో పడుకుంది," అంది గుసగుసగా. "నేనే దుప్పటి కప్పి వచ్చా."

మలియా మెడ పక్కకు తిప్పి కూర్చుంది. "సార్, ఇటు పక్కకి రండి. అటు నుంచి చెబితే వినిపించట్లేదు."

జింబా సార్ చేతిలోని సుద్దముక్క ఆగింది. ఆయన వీపు మాత్రమే వాళ్ళకు కనిపిస్తోంది. ఆ వీపు ఒకసారి కదిలి, మళ్ళీ నిలబడింది. ఆయన బెంచీ చుట్టూ తిరిగి పిల్ల కుడి పక్కకు వచ్చి, నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ ప్రాంతంలో ఏ మగ టీచరూ పిల్లల ముందు అలా కూర్చోగా ఎట్నెస్ చూడలేదు.

"మొదటి నుంచి చెబుతాను," అన్నాడు. "ఎక్కడ అర్థం కాకపోయినా ఆపు."

చెప్పాడు. పిల్ల రెండుసార్లు ఆపింది. రెండుసార్లూ ఆయన వెనక్కి వెళ్ళి ఓపికగా మొదలుపెట్టాడు. బుట్టలో చేపలు నలుగురికి పంచితే ఎవరికెంత, ఒకరు తన వాటాలో సగం ఇచ్చేస్తే ఎంత మిగులుతుంది. ఎట్నెస్ కిటికీ అంచు పట్టుకుని విన్నది. ఈ మధ్య ఏడాదిగా ఆయన అంత బాగా చెప్పగా ఆమె వినలేదు.

"వచ్చింది సార్," అంది మలియా. "నాకు వచ్చేసింది."

"మరిచిపోవు కదా?"

"మరిచిపోను."

"మంచిది. పిలవగానే వచ్చావు. ఇక ఇంటికెళ్ళు. అమ్మమ్మ వెతుక్కుంటుంది."

పిల్ల లేచి, ఆయనకు మోకాళ్ళు వంచి నమస్కరించి, వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది. కిటికీ దగ్గర నిలబడిన ఇద్దరినీ చూడలేదు. న్యామాండా ఆమెను పిలవలేదు. ఆమె కళ్ళు జింబా సార్ మీద ఉన్నాయి.

ఆయన లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, కిటికీ వైపు తిరిగాడు. ఉలిక్కిపడలేదు. వాళ్ళు అక్కడ ఉంటారని తెలిసినట్టే చూశాడు. ముందు న్యామాండాకు తల వంచాడు.

"న్యాలోంగ్వే, మంచి సమయానికి వచ్చారు," అన్నాడు. "నా తరగతి మీకు అప్పజెప్పాలి."

"ఇవాళ శనివారం, సార్. సోమవారం మాట్లాడుకుందాం. ముందు ఊరి పెద్ద వాకిట్లో మీ కోసం చూస్తున్నారు, రండి."

"వస్తాను. వాళ్ళకి చెప్పాల్సింది చెబుతాను. కానీ ముందు ఇది అయిపోవాలి. సోమవారం దాకా ఆగలేను. ఇక్కడిదాకా వచ్చింది పాఠం. మలియాకి కూడా వచ్చేసింది, అదొక్కటే మిగిలి ఉండేది." కిటికీలోంచి సుద్దముక్క ఆమె ముందుకు చాపాడు. "మీరైతే నాలా పాడు కాకుండా చెప్పగలరు. నాకు తెలుసు. మీ దగ్గర ఉంటే నాకు దిగులుండదు."

ఎట్నెస్ ఆయన ముఖం చూసింది. ఏడాదిగా ఆ ముఖం మీద ఉన్న బిగువు పోయింది. కళ్ళ కింద నల్లదనం అలాగే ఉన్నా, చూపు మాత్రం స్నానం చేసి వచ్చినవాడిలా తేటగా ఉంది. హమ్మయ్య, తేరుకున్నాడు అనుకుంది. పెద్దవాళ్ళు ఇచ్చింది రెండు చేతులతో అందుకునే అలవాటు కొద్దీ ఆమె చేతులు వాటంతటవే లేచాయి.

న్యామాండా ఆమె మణికట్టు పట్టుకుని కిందికి లాగింది.

"తీసుకోకు," అంది.

"అమ్మమ్మా, ఏమిటి?"

ముసలమ్మ జింబా సార్ మీది నుంచి కళ్ళు తిప్పలేదు. పంచాయితీలో వినిపించిన కటువు ఆమె గొంతులో లేదు.

"మా ఆయన కూడా ప్రాణం తీసుకున్న రోజున ఇలాగే గడ్డం గీసుకుని, ఇంత నిమ్మళంగా వచ్చి, వల నా చేతిలో పెట్టాడు," అంది. "నేను తీసుకున్నాను."